కరెంటు పోయిన రాత్రి

మొన్న వానల్లో అనకాపల్లిలో కరెంటు పోయింది. మినీ ప్రాజెక్టు కోడ్ సేవ్ అవుతుండగానే మా పాత డెస్క్‌టాప్ ఆగిపోయింది. కరెంటు వచ్చాక ఆన్ చేస్తే ఉబుంటు రాలేదు. నల్లటి తెర మీద ఎఫ్‌ఎస్‌సీకే నడపమని ఒక లైను, అంతే. తెల్లారితే సబ్మిషన్!

మా తాతయ్య బెల్లం మార్కెట్లో గుమస్తా. సరుకు దిగగానే ముందు చిఠ్ఠాలో రాసుకుని, తర్వాత ఖాతా పుస్తకంలోకి ఎక్కించేవారు. ఈఎక్స్‌టీ4 జర్నల్ కూడా అదే పని చేస్తుంది. మధ్యలో ఆగిపోతే చిఠ్ఠా చూసి ఖాతా సరిచేసుకుంటుంది. కాకపోతే మామూలు సెట్టింగ్‌లో జర్నల్‌లో రాసేది మెటాడేటానే, మన ఫైల్లోని అక్షరాలు కాదు. (ఇది క్లాసులో చెప్పినప్పుడు నేను నిద్రపోయుంటా.) జర్నల్ చాలకపోతే ఎఫ్‌ఎస్‌సీకే దిగుతుంది. ఐనోడ్లు, డైరెక్టరీలు, లింకుల లెక్క, ఖాళీ బ్లాకుల లెక్క వరసగా సరిచూస్తుంది.

మౌంట్ అయి ఉన్న పార్టిషన్ మీద మాత్రం రిపేరు చేయకండి, ఉన్నది కూడా పోతుంది. నేను పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ముందు మైనస్ ఎన్ పెట్టి నడిపా. అది తప్పులు చూపిస్తుంది గానీ ఏదీ మార్చదు. తర్వాతే రిపేరు.

నా ఫైలు పేరు ఎక్కడా లేదు. లాస్ట్ ప్లస్ ఫౌండ్ ఫోల్డర్లో హాష్ గుర్తు, పక్కన ఐనోడ్ నంబరు, అదే పేరుగా ఒక ఫైలుంది. తెరిస్తే నా కోడే, చివరి రెండు ఫంక్షన్లు లేకుండా. అవి తెల్లారేలోగా మళ్లీ రాశా.