కొవ్వు కణానికీ ఒక పని ఉంది

చిరంజీవి అమ్మలుకు,



హిస్టాలజీ ప్రాక్టికల్‌లో కొవ్వు కణజాలం స్లైడు చూశానని, అంతా ఖాళీ గళ్ళలా ఉందని రాశావు. ఆ ఖాళీ నిజం కాదమ్మా. స్లైడు తయారుచేసేటప్పుడు వాడే ఆల్కహాలు, జైలీన్ కొవ్వును కరిగించి తీసుకుపోతాయి. ఈసారి హై పవర్‌లో పెట్టి గడి అంచు వెంట నిదానంగా చూడు. ఒకచోట చదునుగా, ముదురు రంగులో చిన్న మచ్చ కనిపిస్తుంది. అదే కేంద్రకం. కణం నిండా ఉండే ఒకే ఒక పెద్ద కొవ్వు బొట్టు దాన్ని అలా పక్కకు నెట్టేసింది. ఈ కణాన్ని ఉత్త సంచీ అనుకునేవాళ్ళను చూస్తే నాకు బాధగా ఉంటుంది. అది రోజంతా కొవ్వును దాస్తూ, తీస్తూ ఉంటుంది.

భోజనం తర్వాత రక్తంలోకి వచ్చే ట్రైగ్లిజరైడ్ నేరుగా కణంలోకి పోలేదు. సన్న రక్తనాళాల గోడమీద ఉండే లైపోప్రొటీన్ లైపేజ్ దాన్ని విడగొడితే ఫ్యాటీ ఆసిడ్లు లోపలికి చేరతాయి. అక్కడ మళ్ళీ ట్రైగ్లిజరైడ్ కావాలంటే గ్లిజరాల్ ఫాస్ఫేట్ ఉండాలి. దాన్ని కణం ఎక్కువగా గ్లూకోజ్ నుంచి తయారుచేసుకుంటుంది. ఇన్సులిన్ ఈ పనులన్నిటినీ పెంచుతుంది, దాచిన కొవ్వు కరగకుండా ఆపుతుంది కూడా. ఈ రెండో సంగతే పరీక్షల్లో పిల్లలు మరిచిపోతుంటారు.

ఇక కరగడం. పస్తున్నప్పుడో, చెమట పట్టేలా నడిచినప్పుడో నరాల చివరల నుంచి నార్‌అడ్రినలిన్ వస్తుంది. దాంతో కణంలో ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీ పుడుతుంది. ఆ ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో జర్మనీలో లోమాన్, అమెరికాలో ఫిస్కే, ఆయనతో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. ఈ పాఠం దగ్గర ఆయన్ని తలుచుకోకుండా ఉండలేను. సైక్లిక్ ఏఎంపీ వల్ల ప్రొటీన్ కైనేజ్-ఏ చురుకై, బొట్టు చుట్టూ పొరలా ఉండే పెరిలిపిన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. పొర సడలుతుంది. మూడు ఎంజైములు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి ఒక్కో ఫ్యాటీ ఆసిడ్‌ను కోస్తాయి. మొదటి కోత హార్మోన్ సెన్సిటివ్ లైపేజ్‌దేనని మేం చదువుకున్నాం. కానీ ఆ ఎంజైమ్ లేకుండా పుట్టించిన ఎలుకలు లావెక్కలేదు, వాటి కణాల్లో డైగ్లిజరైడ్ పేరుకుంది. అంటే మొదటి కోత ఎక్కడో జరుగుతూనే ఉంది, ఆగింది రెండోది. 2004లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో జెక్నర్ బృందం ఆ మొదటి ఎంజైమ్‌ను పట్టుకుంది. దాని పేరు ఏటీజీఎల్.

స్థూలకాయంలో చెడేది ఈ రాకపోకల లెక్కే. అణు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14ను ఆధారం చేసుకుని స్వీడన్‌లో స్పాల్డింగ్, ఆర్నర్ బృందం కొవ్వు కణాల వయసునూ, వాటిలోని కొవ్వు వయసునూ కొలిచింది. పెద్దవాళ్ళలో ఏటా దాదాపు పదో వంతు కొవ్వు కణాలు చనిపోయి కొత్తవి వస్తాయని, మొత్తం సంఖ్య మాత్రం పెద్దగా మారదని 2008లో తేల్చారు. కణంలోని కొవ్వు సగటు వయసు 1.6 ఏళ్ళని 2011లో చెప్పారు. స్థూలకాయుల్లో చేరే కొవ్వు ఎక్కువ, బయటికి పోయే వేగం తక్కువ. నార్‌అడ్రినలిన్ పిలుపుకు కణం మందంగా పలుకుతుంది.

ఇక్కడ చాలామంది తికమకపడతారు. పిలిస్తే పలకని ఆ ఉబ్బిన కణమే పిలవకుండా కూడా ఫ్యాటీ ఆసిడ్లను వదులుతుంటుంది, ఇన్సులిన్ చెప్పినా పూర్తిగా ఆపదు. గాదె నిండాక ధాన్యం వసారాలో పోసినట్టు, ఆ కొవ్వు కాలేయంలో, కండరాల్లో చేరుతుంది. అవి దాన్ని దాచుకోవడానికి పుట్టినవి కావు. అక్కడ ఇన్సులిన్ మాట చెల్లదు, మధుమేహానికి దారి పడుతుంది. కొవ్వు కణజాలమే లేని ఎలుకలకూ మధుమేహం వస్తుంది. వాటికి కొవ్వు కణజాలం అమర్చితే తగ్గింది. కాబట్టి కొవ్వు కణాన్ని తిట్టడం తప్పు.

మనవాళ్ళ సంగతి మరీ ముఖ్యం. పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యాజ్ఞిక్‌కు 21.2 శాతం, యుడ్కిన్‌కు 9.1 శాతం. ఈ సంగతి 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరి ఫోటోతో సహా అచ్చయింది. చూసేందుకు సన్నగా ఉన్న మనిషిలోనూ కొవ్వు ఎక్కువ ఉండొచ్చన్నమాట.

రేపు వార్డుకు వెళ్ళినప్పుడు లావుగా ఉన్న మనిషిని ‘నోరు కట్టుకో’ అని ఒక్క మాటతో పంపేయకు. టేపు తీసి నడుము కొలువు. మనవాళ్ళలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే చక్కెర పరీక్ష చేయించు. సన్నగా ఉన్నవాళ్ళకూ కొలవడం మానకు.

ఇట్లు,
మీ తాతయ్య