పూలక్క వేళ్ళు

దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి దగ్గర ఒక అక్క పూలు అమ్ముతుంది. అందరూ ఆమెను పూలక్క అంటారు. ఇల్లు ఎల్.బి. నగర్ అవతల. తెల్లవారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్టుకు పోతుంది. మల్లెలు, బంతిపూలు తెస్తుంది. నీళ్ళు చల్లి మాల కడుతుంది. మూర పూలు కట్టడానికి ఆమెకు నిమిషం పట్టదు.

పోయిన చలికాలం ఆ వేళ్ళు మొరాయించాయి. చన్నీళ్ళు తగలగానే వేళ్ళ కొసలు సున్నం పూసినట్టు తెల్లబడేవి. కాసేపటికి నీలం రంగు వచ్చేది. ఎండలో పెడితే ఎర్రబడి మంట పుట్టేది. "చలికి అట్లనే అయితది" అని పూలక్క ఊరుకుంది.

సంక్రాంతికి వేలి ఉంగరం ఊడి రాలేదు. సబ్బు రాసినా రాలేదు. వేళ్ళు ఉబ్బాయి. ఉగాది నాటికి చేతుల మీద చర్మం బిగుసుకుంది. రెండు వేళ్ళతో పట్టి లాగితే మడత పడటం లేదు. ముఖం మీద ముడతలు కూడా పోయాయి. "అక్కా, నీకు వయసు తగ్గుతుందే!" అన్నది పక్కన కొబ్బరికాయలు అమ్మే ఆమె. పూలక్క నవ్వబోయింది. నోరు పూర్తిగా తెరుచుకోలేదు.

కొందరు గుసగుసలాడారు. "కుష్టేమో" అన్నారు. రోజూ పూలు కొనే ఒకామె కొనడం మానేసింది. ఇది కుష్టు కాదు. కుష్టులో మచ్చ మీద స్పర్శ తెలియదు. ఈ జబ్బులో స్పర్శ పోదు, నొప్పి బాగా తెలుస్తుంది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. (కుష్టు అయినా సరే, మందులతో పూర్తిగా నయమవుతుంది. పూలు కొనడం మానేయవలసిన పని లేదు.)

కోడలు పట్టుబట్టి అత్తను పెద్దాసుపత్రికి బయలుదేరదీసింది. ఎల్.బి. నగర్‌లో మెట్రో ఎక్కితే పంజాగుట్టలో దిగవచ్చు. బండి మారే పని లేదు. అక్కడ నిమ్స్ ఆసుపత్రి ఉంది. చీటీ రాసేచోట "చర్మం డాక్టరా?" అని కోడలు అడిగింది. కీళ్ళ జబ్బుల విభాగానికి పొమ్మన్నారు.

డాక్టరమ్మ వేళ్ళు చూసింది. చర్మం ఎక్కడిదాకా గట్టిపడిందో పట్టి చూసింది. మోచేయి దాటింది.

"అమ్మా, దీన్ని స్క్లెరోడెర్మా అంటారు. గట్టి చర్మం అని దాని అర్థం. మన ఒంటిని కాపాడే శక్తే దారి తప్పి మన ఒంటి మీదే పడుతుంది. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకే ఎక్కువగా వస్తుంది. నువ్వు చేసిన తప్పేమీ లేదు."

వేళ్ళు తెల్లబడటం గురించి 1862లోనే రేనాడ్ అనే ఫ్రెంచి డాక్టరు రాశాడు. అందుకే దానికి ఆయన పేరే పెట్టారు. చలికి వేళ్ళు తెల్లబడిన ప్రతివాళ్ళకూ ఈ జబ్బు ఉండదు. చాలామందికి అది అంతటితో ఆగిపోతుంది. తెల్లబడటంతో పాటు వేళ్ళు ఉబ్బినా, వేలి కొసల మీద పుండ్లు పడినా డాక్టరుకు చూపించాలి.

పూలక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

"డాక్టరమ్మా, నేను ఎన్నేండ్లు బతుకుతా?"

కోడలు తలవంచుకుంది. డాక్టరమ్మ మాత్రం ఆ ప్రశ్నను దాటెయ్యలేదు.

"చర్మం చూసి చెప్పలేనమ్మా. లోపల చూడాలె. ఊపిరితిత్తులు, గుండె, కిడ్నీలు, తిండి దిగే గొట్టం. చర్మంలాగే అవి కూడా గట్టిపడొచ్చు."

ఈ జబ్బు రెండు దారుల్లో నడుస్తుంది. కొందరిలో చర్మం బిగువు చేతులు, ముఖం, మోకాళ్ళ కింద వరకే ఆగుతుంది. అది మెల్లగా నడిచే జబ్బు. అయినా ఏళ్ళు గడిచాక ఊపిరితిత్తుల్లో రక్తనాళాల ఒత్తిడి పెరగవచ్చు. కొందరిలో బిగువు మోచేయి దాటి భుజాలకు, ఛాతీకి పాకుతుంది. వీళ్ళకు మొదటి మూడు నాలుగేళ్ళు గండం. లోపలి అవయవాలకు పెద్ద దెబ్బ తగిలేది ఎక్కువగా అప్పుడే. కొన్నేళ్ళ తర్వాత చర్మం కొంత మెత్తబడుతుంది కూడా. కానీ గట్టిపడిన ఊపిరితిత్తి మళ్ళీ మామూలుగా కాదు. చర్మం మెత్తబడింది కదా అని మందులు మానేసేవాళ్ళు ఇక్కడే మోసపోతారు.

1999లో ఇంగ్లండు డాక్టర్లు ఒక లెక్క అచ్చువేశారు. జబ్బు వచ్చి మొదటిసారి ఆసుపత్రికి వచ్చిన రోజు చేసిన పరీక్షలు తీశారు. ఐదేళ్ళ తర్వాత ఎవరు ఉన్నారు, ఎవరు పోయారు అని చూశారు. అన్ని పరీక్షల్లో మూడు ఎక్కువగా పనికొచ్చాయి.

ఒకటి, మూత్రంలో ప్రోటీను పోతుందా అనేది. రెండు, ఈ.ఎస్.ఆర్. అనే రక్తపరీక్ష. ఒంట్లో వాపు ఉంటే ఆ సంఖ్య పెరుగుతుంది. మూడు, పీల్చిన గాలి ఊపిరితిత్తి నుంచి రక్తంలోకి ఎంత బాగా చేరుతుందో చూసే పరీక్ష. ఒక గొట్టంలోంచి గాలి పీల్చి పది సెకన్లు బిగబట్టమంటారు.

ఈ మూడూ బాగున్న వాళ్ళు ఐదేళ్ళు దాటే అవకాశం 93 శాతం అని ఆ లెక్క తేల్చింది. అంటే 100 మందిలో 93 మంది. మూడింట్లో ఏది చెడినా ఆ అవకాశం తగ్గుతుంది. అది ఇంగ్లండు వాళ్ళ లెక్క. మన ఒక్కరి నొసటి రాత అందులో ఉండదు. ఎవరిని ఎక్కువ జాగ్రత్తగా కనిపెట్టుకోవాలో మాత్రం తెలుస్తుంది.

రక్తంలో మరో పరీక్ష కూడా చేస్తారు. అది ఏ అవయవానికి ముప్పు ఎక్కువో చెబుతుంది. ఎస్.సి.ఎల్.-70 అనేది కనిపిస్తే ఊపిరితిత్తులను కనిపెట్టుకోవాలి. ఆర్.ఎన్.ఏ. పాలిమరేజ్-3 అనేది కనిపిస్తే కిడ్నీలను కనిపెట్టుకోవాలి.

పూలక్కకు పరీక్షలన్నీ చేశారు. మూత్రం బాగుంది. ఈ.ఎస్.ఆర్. ఎక్కువ ఉంది. ఎస్.సి.ఎల్.-70 కనిపించింది. ఊపిరి పరీక్ష కొంచెం తగ్గింది.

"నాకు దమ్ము రాదు కదమ్మా. ఫ్లైఓవర్ మెట్లు కూడా ఎక్కుతా" అన్నది పూలక్క.

"దమ్ము వచ్చేదాకా ఆగితే ఆలస్యం అయితది. అందుకే ముందే సి.టి. స్కాన్ తీసినం" అన్నది డాక్టరమ్మ.

ఈ జబ్బులో ఇప్పుడు ఎక్కువమంది ప్రాణం తీసేది ఊపిరితిత్తుల దెబ్బే. మామూలు ఎక్స్‌రేలో మొదట్లో కనబడకపోవచ్చు. స్కాన్‌లో కనబడుతుంది. పూలక్కకు మైకోఫినోలేట్ అనే మాత్రలు మొదలుపెట్టారు. అవి గట్టిపడటాన్ని చాలామందిలో నిదానింపజేస్తాయి. జబ్బును వేళ్ళతో సహా పీకెయ్యవు.

ఒకప్పుడు ఎక్కువమందిని చంపింది కిడ్నీ దెబ్బ. బి.పి. ఒక్కసారిగా పెరుగుతుంది. తలనొప్పి, చూపు మసక, ఆయాసం వస్తాయి. కొద్దిరోజుల్లో కిడ్నీలు ఆగిపోతాయి. తర్వాత క్యాప్టోప్రిల్ అనే మందు వచ్చింది. బ్రెజిల్ దేశంలోని ఒక పాము విషాన్ని పరిశోధిస్తూ కనుక్కున్న మందు అది. 1990లో అమెరికాలో ఒక లెక్క అచ్చయింది. కిడ్నీ దెబ్బ తగిలిన 100 మందిలో ఈ రకం మందు లేనివాళ్ళు ఏడాది దాటింది 15 మంది. మందు వాడినవాళ్ళు 76 మంది. అయితే బి.పి. పెరిగిన వెంటనే అందాలి. కిడ్నీలు ఆగాక ఇస్తే అంత లాభం ఉండదు.

ఇక్కడ డాక్టరమ్మ గొంతు పెంచింది. "ఇంతకు ముందు ఏం మందులు మింగినవు?" కోడలు సంచిలోంచి ఒక పొట్లం తీసింది. చీటీ లేకుండా కొన్న నొప్పుల మాత్రలు. అందులో స్టెరాయిడ్ ఉంది. మింగితే రెండు గంటల్లో హాయిగా ఉండేది. ఈ జబ్బులో ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ కిడ్నీకి ముప్పు పెంచుతుంది. "ఇది మళ్ళ ముట్టొద్దు. నాకు చెప్పకుండ ఏ మాత్ర వేసుకోవద్దు" అన్నది.

పూలక్క రెండేళ్ళ కింద రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. పూల లెక్క రాసుకోవడానికే నేర్చుకుంది. వచ్చేటప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి ఒక నోటుబుక్కు కొన్నది. ఇప్పుడు వారానికి ఒకసారి బస్తీ దవాఖానకు పోయి బి.పి. చూపించుకుంటుంది. నర్సమ్మ చెప్పిన రెండు సంఖ్యలూ తనే రాస్తుంది. పెన్ను గట్టిగా పట్టుకోలేదు. అక్షరాలు వంకరగా వస్తాయి. పైసంఖ్య 150 చేరినా, ఎప్పుడూ ఉండేదానికంటే 20 పెరిగినా అదే రోజు ఆసుపత్రికి రమ్మన్నారు. ఆ మాట మొదటి పేజీలో కోడలితో పెద్దగా రాయించింది.

మాల ఇప్పుడు గోరువెచ్చని నీళ్ళు పక్కన పెట్టుకుని కడుతుంది. చలికి చేతి తొడుగులు వేసుకుంటుంది. మూరకు నాలుగు నిమిషాలు పడుతుంది. పొద్దున రద్దీలో కోడలు కూడా వచ్చి కూర్చుంటుంది.

పుస్తకంలో మొన్నటి పేజీ ఇట్లా ఉంది:

సోమవారం. బి.పి. 118 / 76.
మెట్లు ఎక్కిన. దమ్ము లేదు.
మాత్రలు వేసుకున్న.
ఊపిరి పరీక్ష వచ్చే నెల.

చదవండి, చెప్పండి

పూలక్క మాత్రలలో ఏముంది? డాక్టరమ్మ ఎందుకు కోప్పడింది?

దమ్ము రాకముందే స్కాన్ ఎందుకు తీశారు?

మీ బి.పి. ఎంత? ఈ వారం చూపించుకుని తేదీ వేసి రాయండి.