కంచం ముందు కన్నీళ్లు

ప్రశ్న: మేం మెల్‌బోర్న్‌లో ఉంటాం. మా అమ్మాయికి పదిహేనేళ్లు. అనొరెక్సియాతో (లావైపోతానన్న భయంతో తిండి మానేసే జబ్బు) ఆసుపత్రిలో ఉండి వచ్చింది. ప్రతి పూటా మీరే దగ్గరుండి తినిపించాలన్నారు డాక్టర్లు. రోజూ ఏడుపే. పెరుగన్నం టిష్యూలో చుట్టి దాచేస్తోంది. చికిత్స పనిచేస్తున్నట్టేనా?
– ఓ తల్లి

జవాబు: దాచడం మొండితనం కాదమ్మా, జబ్బు చేయిస్తున్న పని. ఒంటికి తిండి చాలకపోతే ఆలోచనా బిగుసుకుపోతుంది, భయం పెరుగుతుంది. అందుకే మొదటి దశలో ఏం తినాలో, ఎంత తినాలో పెద్దలే నిర్ణయిస్తారు. బరువు కుదుటపడ్డాక ఆ అధికారం మెల్లగా పిల్లలకే తిరిగిస్తారు. 1980ల్లో లండన్ మాడ్‌స్లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకున్న పద్ధతి ఇది. ఏడుస్తోందంటే చికిత్స విఫలమైనట్టు కాదు.

వడ్డన మీ చేతిలోనే ఉంచుకోండి. కంచం ముందు క్యాలరీల వాదన వద్దు. తిన్నాక కాసేపు పక్కనే ఉండి కబుర్లు చెప్పండి. వీడియో కాల్‌లో ‘ఒళ్లు చేశావే’ అనే బంధువులకు ముందే చెప్పిపెట్టండి. ఆ ఒక్క మాట వారం శ్రమను పాడుచేయగలదు! ఉపవాసాలు ఇప్పుడు వద్దు.

ఖర్చు సంగతి. 2019 నవంబరు నుంచి ఆస్ట్రేలియా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌లో ఇలాంటి తిండి జబ్బులకు ప్రత్యేక ప్లాన్ ఉంది. అర్హత ఉంటే ఏడాదిలో 40 సైకాలజీ, 20 డైటీషియన్ సెషన్ల దాకా రాయితీ వస్తుంది. మీ జీపీని (ఫ్యామిలీ డాక్టర్‌ని) అడగండి. తాత్కాలిక వీసా వల్ల మెడికేర్ లేకపోతే మీ బీమా కంపెనీతో మాట్లాడండి. దుబాసీ కావాలంటే 131 450.

సలహాకు బటర్‌ఫ్లై హెల్ప్‌లైన్ 1800 33 4673. కళ్లు తిరిగి పడిపోయినా, తిండీ నీళ్లూ మానేసినా, చచ్చిపోతానన్నా వెంటనే 000కు ఫోన్ చేయండి.