ఎం87: మహా గెలాక్సీ ఎలా ఎదిగింది?

కన్యా గెలాక్సీ సమూహం నడుమ, మనకు సుమారు 5.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న దీర్ఘవృత్తాకార గెలాక్సీ ఎం87. ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త ఛార్లెస్ మెస్సియర్ 1781లో దీన్ని తన జాబితాలో చేర్చాడు.

ఇలాంటి భారీ గెలాక్సీలు ఒక్క విడతలో తయారు కాలేదు. విశ్వం తొలినాళ్లలో కృష్ణ పదార్థం గురుత్వాకర్షణకు లోనై పోగుపడిన చల్లని వాయువు నుంచి నక్షత్రాలు చాలా వేగంగా పుట్టాయి. ఆ తర్వాత చుట్టుపక్కల చిన్న గెలాక్సీలను తమలో కలుపుకొంటూ ఇవి పెరిగాయి. అందుకే వీటి నక్షత్రాల్లో అధిక భాగం వయసు మీరినవి, ఎర్రనివి.

ఎం87లో కొత్త నక్షత్రాలు అరుదు కావడానికి కారణం వాయువు లేకపోవడం కాదు. వాయువు పుష్కలంగా ఉంది, కానీ కోట్ల డిగ్రీల వేడిలో ఉంది. కేంద్రంలోని కృష్ణబిలం పరిసరాల నుంచి వెలువడే శక్తి దాన్ని అంత తేలిగ్గా చల్లారనివ్వదు. చల్లారని వాయువు ముద్దకట్టి నక్షత్రం కాలేదు. ఆ కృష్ణబిలం పరిసరాల నుంచి దూసుకొచ్చే పదార్థ ధారను, అంటే జెట్‌ను 1918లోనే ఖగోళ శాస్త్రవేత్త హెబర్ కర్టిస్ గమనించాడు.

ఆ కృష్ణబిలం ద్రవ్యరాశి సూర్యుడికి దాదాపు 650 కోట్ల రెట్లు. 2019 ఏప్రిల్ 10న ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ బృందం విడుదల చేసిన తొలి కృష్ణబిలం చిత్రం దీనిదే. పాలపుంత కేంద్రంలోని కృష్ణబిలం చిత్రం 2022 మే 12న వచ్చింది.