గిటారు చేతికి గురులఘువులు

వార్షికోత్సవ సంచికకు పిల్లలకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమన్నారు. ఎం.ఏ. తెలుగు చదువుతున్నాం కాబట్టి ఛందస్సు గురించి రాస్తామని అందరూ అనుకొని ఉంటారు. మేము రాస్తున్నది గిటారు గురించి. అయితే ఈ రెండింటికీ సంబంధం ఉంది. ఆ సంబంధం తెలియక మేము ఒక తమ్ముణ్ణి బాధపెట్టాము. ఆ సంగతి ముందు చెప్పి, తర్వాత పాఠంలోకి వెళతాము.

మేము పదో తరగతిలో ఉండగా ఒక పూర్వ విద్యార్థి అన్న తన పాత గిటారును మన హాస్టల్‌కు ఇచ్చి వెళ్లారు. నేర్పేవారు లేరు. చూసీ, వినీ ఒక వాయింపు పట్టుకున్నాము. ఆ ఏటి వార్షికోత్సవానికి గురజాడ వారి ‘దేశభక్తి’ గేయం ఎంచుకున్నాము. ఏడో తరగతి తమ్ముడు పాడాలి, మేము వాయించాలి. తీరా సాధన మొదలుపెడితే మొదటి పాదం పూర్తికాకముందే పాటా, గిటారూ చెరో దారి పట్టేవి. ‘నువ్వు తొందరపడుతున్నావు’ అని ఆ తమ్ముణ్ణి అందరి ముందూ కసిరాము. మూడో రోజు వాడు ‘నేను పాడనన్నా’ అని చెప్పి, స్టడీ అవర్ కాకపోయినా పుస్తకం తెరిచి కూర్చున్నాడు.

ఆ ఆదివారం మా నాన్న చూడడానికి వచ్చారు. ఆయన బడికి పోలేదు. పెళ్లిళ్లకు, బోనాలకు డప్పు కొడతారు. ఆ మాట హాస్టల్‌లో ఎవరికీ చెప్పుకునేవాళ్లం కాదు. ఆయన ఆ తమ్ముణ్ణి పిలిచి పాడించారు. మమ్మల్ని వాయించమన్నారు. పక్కనున్న ట్రంకు పెట్టె మూత మీద వేళ్లతో మెల్లగా కొడుతూ విన్నారు. చివరికి ‘పిల్లగాడు మంచిగనే పాడుతుండు బిడ్డా. నీ చెయ్యే ఒక దెబ్బ ఎక్కువ ఏస్తుంది’ అన్నారు.

అదే నిజం. ఎలాగో చూద్దాం.

తెలుగు వ్యాకరణంలో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అని చదువుకున్నాం కదా. మాత్ర అంటే కాలం. గురజాడ 1910లో వెలువరించిన ముత్యాల సరాల నడకలో మొదటి మూడు పాదాల్లోనూ 3+4+3+4 చొప్పున 14 మాత్రలుంటాయి. ‘దేశభక్తి’ నడక కూడా ఇదే. దీన్ని మిశ్రగతి అంటారు. నోటితో చెప్పుకోవాలంటే ‘తకిట తకధిమి’. అంటే ఒక చుట్టుకు 7 మాత్రలు.

మేము పట్టుకున్న వాయింపు గిటారు నేర్చుకునే వారు చాలామంది మొదట్లో నేర్చుకునేదే: కింద, కింద, పై, పై, కింద, పై. వినడానికి ఆరు దెబ్బలే. కానీ చేయి నిజానికి 8 సార్లు కదులుతుంది. 1, 3, 5, 7 లెక్కలకు చేయి కిందికి, 2, 4, 6, 8 లెక్కలకు పైకి పోతుంది. వీటిలో 2, 5 లెక్కల దగ్గర చేయి తీగలను తాకకుండా గాలిలో పోతుంది. తమ్ముడి నోరు 7 లెక్కిస్తుంటే మా చేయి 8 లెక్కిస్తున్నది. ఒక్క చుట్టు తిరిగేసరికే ఒక మాత్ర తేడా. 7, 8 మళ్లీ కలిసేది 56 మాత్రల తర్వాతే. అంతవరకూ పాడేవాడు ఎంత సరిగ్గా పాడినా తప్పినట్టే వినిపిస్తుంది. (మూడు మాత్రల గణాన్ని నాలుగుకు సాగదీసి పాడే వరుస అయితే 8 లెక్క సరిపోతుంది. కాబట్టి ముందు పాట విని, లెక్క తేల్చుకోవాలి.)

ఇక సాధన చేసే పద్ధతి.

మొదటి మెట్టు: గిటారు పక్కన పెట్టండి. గోడ గడియారం సెకన్ల ముల్లు చూస్తూ సెకనుకు ఒక మాత్ర చొప్పున ‘తకిట తకధిమి’ అనండి. 1, 4 మాత్రలకు చప్పట్లు కొట్టండి. తడబాటు పోయాక 6వ మాత్రకూ కొట్టండి. తర్వాత ఆ లెక్క మీదనే పాట పాడండి. ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ గేయంలో గణం చాలాచోట్ల పదం మధ్యలోనే ముగుస్తుంది. చప్పట్లు పదాన్ని బట్టి కాదు, మాత్రను బట్టి పడాలి.

రెండో మెట్టు: గిటారు తీసుకొని, ఎడమచేతి వేళ్లను తీగలన్నిటి మీదా నొక్కకుండా ఆనించండి. అప్పుడు స్వరం పలకదు, ‘చక్ చక్’ అనే శబ్దం మాత్రమే వస్తుంది. 1, 4, 6 మాత్రలకు కుడిచేత్తో పై నుంచి కిందికి వాయించండి. స్వరం లేదు కాబట్టి మన చెవి కాలాన్ని మాత్రమే వింటుంది. మాకు ఈ మెట్టుకే వారం పట్టింది.

మూడో మెట్టు: ఏడు మాత్రలూ నింపండి. ‘తకిట’కు కింద-పై-కింద, ‘తకధిమి’కి కింద-పై-కింద-పై. 3వ మాత్రకూ 4వ మాత్రకూ మధ్య కింద తర్వాత మళ్లీ కిందే వస్తుంది. అక్కడ చేయి తీగలను తాకకుండా చురుగ్గా పైకి రావాలి. మేము తప్పింది ఎక్కువగా ఇక్కడే. 1, 4 మాత్రలను కాస్త గట్టిగా, తక్కినవాటిని మెత్తగా కొట్టండి. పైకి వచ్చేటప్పుడు సన్నని తీగలు రెండు మూడు తగిలితే చాలు.

నాలుగో మెట్టు: ఇప్పుడు ఎడమచేతి పని. ఆరు తీగలు లావు నుంచి సన్నానికి ఇ, ఎ, డి, జి, బి, ఇ స్వరాలకు శ్రుతి అయి ఉండాలి. ఎ, డి తీగలను రెండో ఫ్రెట్ దగ్గర రెండు వేళ్లతో నొక్కితే ఇ మైనర్ కార్డు. మొదట ఈ ఒక్క కార్డుతోనే చేయి స్థిరపడనివ్వండి. తర్వాత, పాడేవారి శ్రుతిని బట్టి తక్కిన కార్డులు చేర్చుకోవచ్చు. కార్డు మారేటప్పుడు 7వ మాత్రకే వేళ్లు లేపి, 1వ మాత్రకు కొత్త చోట పెట్టాలి. వేళ్లు అందకపోయినా కుడిచేయి మాత్రం ఆగకూడదు. స్వరం తప్పితే ఒక్క క్షణం వినిపించి పోతుంది. కాలం తప్పితే అందరి పాటా ఆగిపోతుంది.

చివరిగా మౌనం. నాలుగో పాదం కొంచెం పొట్టిగా ఉంటుంది. మిగిలిన మాత్రలను మనసులో లెక్కపెట్టి, 14 పూర్తయ్యాకే తర్వాతి చరణం ఎత్తుకోవాలి. వేగం మెల్లమెల్లగా పెంచండి. సెకనుకు రెండు మాత్రలు వచ్చేనాటికి పాదం 7 సెకన్లలో ముగుస్తుంది.

ఆ సోమవారం అన్నం వరుసలో అందరూ ఉండగానే ‘తప్పు నీది కాదురా, మాది’ అని తమ్ముడికి చెప్పాము. కసిరింది అందరి ముందే కాబట్టి, ఒప్పుకోవడమూ అందరి ముందే కావాలనిపించింది. వాడు వెంటనే ఏమీ అనలేదు. సాయంత్రం వచ్చి ట్రంకు పెట్టె పక్కన కూర్చున్నాడు. వార్షికోత్సవం నాడు రెండో చరణంలో మాకు కార్డు తప్పింది. చేయి ఆపలేదు. వాడూ ఆగలేదు.

మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. పుస్తకంలో గణాలకు గీతలు గీసి మార్కులు తెచ్చుకున్నాము గాని, అవే గణాలు నాన్న వేళ్లలో ఉన్నాయని ఆ ఆదివారం దాకా తెలియలేదు. డప్పు సంగతి ఇప్పుడు ఎవరు అడిగినా చెబుతున్నాము.

తమ్ముళ్లారా, ఎవరైనా పాట తప్పుతున్నారనిపిస్తే, వారిని ఏమైనా అనేముందు ఒకసారి మీ చేయి లెక్క చూసుకోండి.

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (తెలుగు)