వీసా రాలేదని అమెరికా కోర్టుకెక్కొచ్చా?

ప్రశ్న: మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. అమ్మానాన్నలకు విజిటర్ వీసా రాలేదు. చెల్లెలు అమెరికా పౌరురాలు. అక్కడ కేసు వేయొచ్చా?

జవాబు: వేసినా నిలవడం కష్టమండీ. ఎవరిని రానివ్వాలో చట్టం చేసేది అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్, అమలు చేసేది ప్రభుత్వం. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ అయినా లండన్ ఎంబసీ అయినా, వీసా అధికారి నిర్ణయంలో కోర్టులు సాధారణంగా వేలు పెట్టవు. 2024లో మున్యోస్ కేసులో, భర్త వీసా కోసం పోరాడిన అమెరికా పౌరురాలికే సుప్రీంకోర్టులో చుక్కెదురైంది. అదే అమెరికా గడ్డ మీద ఉన్నవారికైతే, పౌరులు కాకపోయినా, న్యాయమైన చట్టప్రక్రియకు హామీ ఇచ్చే ఆ దేశ రాజ్యాంగం 5వ సవరణ అండ ఉంటుంది. చిత్రమే మరి!

ఇంటర్వ్యూలో ఇచ్చిన కాగితం చూడండి. 214(బి) అని ఉంటే, తిరిగొస్తారన్న నమ్మకం అధికారికి కలగలేదని సాధారణంగా అర్థం; దానికి అప్పీలు లేదు, అది శాశ్వత నిషేధమూ కాదు. మళ్లీ ఫీజు కట్టి దరఖాస్తు చేయొచ్చు. ఈసారి చెల్లెలి జీతం కంటే ఇక్కడి ఇల్లు, పింఛను, తిరిగొచ్చే కారణాల గురించి పెద్దవాళ్లనే చెప్పమనండి.