రాగిరేకు మీద ప్రభువు

రాబర్ట్ డెవరో ఇంగ్లండుకు చెందిన ప్రభువు. ఎసెక్స్ ప్రాంతపు ఎర్ల్ అనే బిరుదు ఆయనది. 1600 ప్రాంతంలో థామస్ కాక్సన్ అనే చెక్కడపు పనివాడు ఆయన చిత్రాన్ని రాగిరేకు మీద చెక్కాడు. అందులో ఎసెక్స్ గుర్రం మీద ఉంటాడు. వెనుక ఆయన దండెత్తిన తావులు కనిపిస్తాయి. అవి స్పెయిన్‌లోని కాడిజ్, అజోర్స్ దీవులు, ఐర్లండు. చిత్రంతోపాటు పొగడ్తలు కూడా చెక్కి ఉన్నాయి.

రంగులతో వేసిన చిత్రం ఒక్కటే ఉంటుంది. ప్రభువుగారి మేడలోకి పోగలిగినవారే దానిని చూస్తారు. చెక్కడపు చిత్రం అలా కాదు. నున్నగా సానపట్టిన రాగిరేకు మీద పదునైన ఉక్కుమొనతో గీతలు తీస్తారు. నీడ కావలసినచోట గీతలు దగ్గరదగ్గరగా, ఒకదానికొకటి అడ్డంగా పడతాయి. వెలుగు కావలసినచోట రాగిని ముట్టుకోరు. తరువాత రేకుకు సిరా పూసి తుడిచివేస్తారు. గీతల లోతులో మాత్రం సిరా నిలిచి ఉంటుంది. దానిపై తడిపిన కాగితం పరచి రెండు రోలర్ల నడుమ గట్టిగా నొక్కితే ఆ సిరా కాగితానికి ఎక్కుతుంది. కుడి ఎడమలు తారుమారవుతాయి కనుక అక్షరాలను రేకు మీద తిరగవేసి చెక్కాలి. ఎంత ఓపిక కావాలో ఊహించండి! అయితే రేకు ఒకసారి సిద్ధమైతే వందలకొలది ప్రతులు తీయవచ్చు. అవి అంగళ్ళలో అమ్ముడుపోతాయి.

చిక్కు అక్కడే వచ్చింది. ఎసెక్స్ ఒకప్పుడు ఎలిజబెత్ రాణికి ఎంతో ఇష్టుడు. 1599లో పెద్ద సైన్యంతో ఐర్లండు వెళ్ళాడు. గెలవలేక, తిరుగుబాటు నాయకునితో తాత్కాలిక సంధి చేసుకొని, రాణి అనుమతి లేకుండా తిరిగివచ్చాడు. రాణి ఆయనను నిర్బంధంలో ఉంచింది. కాని ప్రజలలో ఆయనపై అభిమానం తగ్గలేదు. అటువంటి సమయంలో ఆ చిత్రం ఆయనను దేవుడు ఎన్నుకున్నవాడని పొగిడింది. రాజులను దేవుడే ఎన్నుకుంటాడని ఆనాటి నమ్మకం. రాణికి సంతానం లేదు, వయస్సు మీరింది, తరువాత సింహాసనం ఎవరిదో తేలలేదు. ఇక మంత్రులు కలవరపడటంలో వింతేముంది?

1600 ఆగస్టులో రాణిగారి ప్రివీ కౌన్సిల్ కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుకు ఉత్తరం రాసింది. ఆ కాలంలో అచ్చు పనులకు అనుమతి ఇచ్చే అధికారం ఆయనకు ఉండేది. ప్రభువుల చెక్కడపు చిత్రాలను వెనక్కి రప్పించాలనీ, ఇకపై అనుమతి లేనిదే అటువంటివి అచ్చువేయరాదనీ అందులో ఉంది. కాక్సన్ ఇతర ప్రభువులను కూడా గుర్రాలపై చెక్కాడు. అయినా కౌన్సిల్‌ను భయపెట్టినది ఎసెక్స్ బొమ్మే.

1601 ఫిబ్రవరి 8న ఎసెక్స్ కొద్దిమంది అనుచరులతో లండను వీధులలోకి వచ్చాడు. ప్రజలు తనవెంట నడుస్తారనుకున్నాడు. బొమ్మలు కొన్న ఊరు ఆయన కోసం కత్తి పట్టలేదు. అదే నెల 25న లండన్ టవరులో ఆయన తల నరికారు. కాక్సన్ రేకునుండి తీసిన ప్రతి ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.